పిల్లలను ఒంటరిగా సాకే నాయన తన ఒళ్ళు కాపాడుకోవడం ఎలా

కడపలో మాకు చిన్న మందుల షాపు ఉంది. ఆ షాపు నడుపుకుంటూనే ఇద్దరు పిల్లలను సాకుతున్నాను. పాప తొమ్మిదో తరగతి, బాబు ఐదో తరగతి. వాళ్ళమ్మ జబ్బు చేసి పోయి కొన్నేళ్ళయింది.

నాలాంటి మగవాళ్ళు ఈ ఊళ్ళో మనం అనుకునేదానికంటే ఎక్కువ మందే ఉన్నారు. భార్య పోయినవాళ్ళున్నారు, విడిపోయినవాళ్ళున్నారు. రాయచోటి, రాజంపేట వైపు నుంచి పిల్లల చదువుల కోసం ఇక్కడికి వచ్చి, భార్య కువైట్‌లో ఇంటిపనికి ఉంటే తామే ఇల్లు చూసుకునేవాళ్ళున్నారు. కువైట్ నుంచి డబ్బులు వస్తున్నాయి కదా అని వాళ్ళను ఎవరూ ఒంటరి తండ్రులు అనరు. కానీ తెల్లవారుజామునే లేచి అన్నం వండి, పాపకు జడ వేసి, బడికి పంపేది ఆ మనిషే. వీళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు మా షాపుకు వస్తారు. పిల్లల సిరప్ అయితే డాక్టరు చీటీ, పాత సీసా అన్నీ జాగ్రత్తగా తెస్తారు. తమ సంగతి వచ్చేసరికి "ఒక గ్యాస్ మాత్ర, రెండు నొప్పుల మాత్రలు ఇవ్వన్నా" అంటారు. చీటీ ఉండదు. ఏ డాక్టరుకు చూపించుకున్నావని అడిగితే "నాకేం, బాగానే ఉన్నా" అంటారు. ఈ రాత వాళ్ళ కోసమే.

2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. కెనడాలోని అంటారియోలో దాదాపు 40 వేల మంది తల్లిదండ్రుల వివరాలను సుమారు పదకొండేళ్ళ పాటు పరిశీలించారు. ఒంటరి తల్లులతో పోల్చినా, భార్యతో కలిసి ఉన్న తండ్రులతో పోల్చినా, ఒంటరి తండ్రుల్లో మరణాలు మూడు రెట్లు కనిపించాయి. వయసు, ముందు నుంచీ ఉన్న జబ్బులు లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడా రెట్టింపు పైనే మిగిలింది. వాళ్ళలో కూరగాయలు, పండ్లు తినడం తక్కువ, ఒకేసారి ఎక్కువగా తాగడం ఎక్కువ అని కూడా తేలింది. పిల్లలను సాకడం మనిషిని చంపుతుందని దీని అర్థం కాదు. అది కెనడా సంగతి, మన ఊరి లెక్క వేరుగా ఉండొచ్చు. అయినా ఆ తిండి, ఆ తాగుడు, డాక్టరు దగ్గరికి పోకుండా వాయిదా వేయడం నేను రోజూ చూస్తున్నవే.

నాకు అర్థమైంది ఏమిటంటే, భార్య ఉన్న ఇంట్లో మగవాడి ఆరోగ్యాన్ని సగం ఆమే కనిపెట్టి ఉంటుంది. "రెండు రోజులుగా సరిగా తినడం లేదే", "రాత్రి గురక ఎక్కువైంది", "ఆ కాలి పుండు ఇంకా మానలేదు, ఈరోజు పోయి చూపించుకో" అంటుంది. ఆమె లేకపోతే ఇంటి పని పెరుగుతుందని చుట్టాలందరికీ కనిపిస్తుంది. కూరో సాంబారో చేసి పంపుతారు. మన ఒంటిని గమనించే మనిషి కూడా పోయిందన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు, మనకు కూడా తట్టదు. కింద నేను చెప్పేవన్నీ ఆ గమనించే పనిని ఎవరికో ఒకరికి, దేనికో ఒకదానికి అప్పగించడం గురించే.

పరీక్షలు పిల్లల పుట్టినరోజుకు కట్టేయండి

"తీరిక దొరికినప్పుడు చేయించుకుంటా" అంటే ఆ తీరిక రాదు. నేను మా పిల్లల పుట్టినరోజులు పట్టుకున్నాను. ఒకరిది వేసవిలో, ఒకరిది చలికాలం మొదట్లో. ఆ వారంలో పొద్దున్నే ఏమీ తినకుండా పోయి రక్తం ఇచ్చి వస్తాను. ఆ తేదీ మర్చిపోయే తండ్రి ఉండడు కాబట్టి పరీక్ష కూడా మర్చిపోం.

ఏం చూడాలంటే, ముందు బీపీ. ఆసుపత్రిలో కూర్చోబెట్టి చూసినప్పుడు 140/90 లేదా అంతకు మించి ఉంటే, ఇంకో రోజు చూసినా అలాగే ఉంటే డాక్టరును కలవాలి. పరుగున పోయి, ఆయాసపడుతూ చూపించుకోకండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, చేయి బల్ల మీద పెట్టి చూపించుకోండి. తర్వాత పరగడుపు షుగర్. 100 లోపు ఉంటే మంచిదే. 100 నుంచి 125 మధ్య ఉంటే ఇప్పుడే తిండి, నడక మార్చుకోవాల్సిన దశ. 126 గానీ, అంతకు మించి గానీ ఉంటే మళ్ళీ ఒకసారి పరీక్ష చేయించి నిర్ధారించుకోవాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే అది కూడా షుగర్ జబ్బే. కొలెస్టరాల్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఏడాదికొకసారి చాలు. నడుము చుట్టుకొలత ఇంట్లోనే టేపుతో చూసుకోవచ్చు. మన మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు దాటితే పొట్టలో కొవ్వు పేరుకుంటోందని లెక్క. కొనే ప్యాంటు సైజు చూసి తృప్తిపడకండి. పొట్ట కింద కట్టే ప్యాంటు ఎప్పుడూ ఆ నిజం చెప్పదు.

30 ఏళ్ళు దాటినవాళ్ళకు బీపీ, షుగర్, నోటి క్యాన్సర్ పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. పల్లెల్లో అయితే ఊరి ఆరోగ్య కార్యకర్తను (ఏఎన్‌ఎమ్మును) అడగండి. గుట్కా, ఖైనీ అలవాటు ఉన్నవాళ్ళు నోరు తప్పకుండా చూపించుకోవాలి. నోట్లో తెల్ల మచ్చ గానీ, రెండు మూడు వారాలైనా మానని పుండు గానీ ఉంటే దానికి జెల్ పూస్తూ కూర్చోవద్దు.

రిపోర్టు వచ్చాక దాన్ని బీరువాలో పెట్టడంతో పని అయిపోదు. ఫోటో తీసి ఇంకో మనిషికి పంపండి. నేను మా అక్కకు పంపుతాను. ఆమె ప్రొద్దుటూరులో ఉంటుంది. ఆమెకు అంకెలు తెలియవు, కానీ "పోయినసారి కంటే ఎక్కువుందేం రా?" అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న చాలు.

గ్యాస్ మాత్ర, నొప్పుల మాత్ర

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ప్రతిరోజూ కళ్ళారా చూస్తున్నది ఇదే.

పిల్లలను ఎత్తుకుని, నీళ్ళ క్యాన్లు మోసి, పగలంతా పని చేసి, సాయంత్రం స్టవ్ ముందు నిలబడితే నడుము నొప్పి రావడం సహజం. పడుకునే తీరిక లేక డైక్లోఫెనాక్ వేసుకుంటారు. ఒకరోజు వేసుకుంటే తప్పు లేదు. వారాల తరబడి వేసుకుంటే అది కిడ్నీలను దెబ్బతీస్తుంది, బీపీ పెంచుతుంది, కడుపులో పుండు చేసి రక్తం కారేలా చేస్తుంది. మన కడప ఎండల్లో నీళ్ళు తక్కువ తాగి, పైన ఈ మాత్రలు మింగితే కిడ్నీలకు రెండింతల కష్టం. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళయితే డాక్టరును అడగకుండా అసలు ముట్టుకోకూడదు. నొప్పికి పారాసెటమాల్ దీనికంటే నయం. అది కూడా తాగుడు అలవాటున్నవాళ్ళకు కాలేయానికి ప్రమాదమే.

ఇక గ్యాస్ మాత్ర. రాత్రి పదకొండు గంటలకు పార్సిల్ బిర్యానీ తిని పడుకుంటే ఛాతీలో మంట వస్తుంది. ఆ మంటకు పాంటాప్రజోల్ వేస్తే తగ్గుతుంది. అలా నెలల పాటు పరగడుపున అలవాటుగా మింగుతూనే ఉంటారు. రెండు వారాలు వాడినా మంట మళ్ళీ వస్తోందంటే డాక్టరు చూడాలి. ముఖ్యంగా ఇది గుర్తు పెట్టుకోండి. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, నొక్కినట్టు ఉండి, అది ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకుతుంటే, చెమటలు పట్టి, ఆయాసం వస్తుంటే అది గ్యాస్ అనుకుని మాత్ర కోసం షాపుకు రావద్దు. 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్ళకు నొప్పి పెద్దగా లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే రావొచ్చు. "పిల్లలు ఇంట్లో ఒంటరిగా ఉంటారు, తెల్లారాక పోదాంలే" అని ఆగే తండ్రులు ఉంటారని నాకు తెలుసు. అందుకే పిల్లలను ఆ రాత్రికి ఎవరి ఇంట్లో వదలాలో ఇప్పుడే తేల్చి పెట్టుకోవాలి. దాని గురించి చివర చెబుతాను.

నిద్ర మాత్రలు అడిగేవాళ్ళూ ఉన్నారు. ఆల్ప్రజోలం చీటీ లేకుండా ఏ షాపూ ఇవ్వకూడదు, నేను ఇవ్వను. అలర్జీ మాత్ర వేసుకుని నిద్ర తెచ్చుకునే పద్ధతి కూడా మంచిది కాదు. పొద్దున మత్తుతో స్కూటర్ మీద పిల్లలను బడికి తీసుకుపోవాల్సింది మీరే.

తిండి

పిల్లలకు వండుతాం, పిల్లలు వదిలింది మనం తింటాం, తర్వాత ఆకలేసి బయటి నుంచి ఏదో తెచ్చుకుంటాం. ఒంటరి తండ్రి తిండి చెడేది ఇలాగే. దీనికి నేను పెట్టుకున్న నియమం ఒకటే. పిల్లలతో పాటు, నా కంచంలో, రాత్రి ఎనిమిది గంటలకు తినడం. ఆ సమయంలో షాపులో కుర్రాడు ఉంటాడు, నేను ఇంటికి పోయి తినేసి వస్తాను. బేరం కొంచెం పోయినా సరే.

వంట రాదని చెప్పేవాళ్ళకు మన సీమ వంటల కంటే తేలికైనవి లేవు. రాగి సంగటి అరగంట పని. తోటకూరో, పాలకూరో, చుక్కాకో, పచ్చిమిరపకాయలు, టమాటా, కాస్త చింతపండు వేసి ఉడికించి పప్పుగుత్తితో ఎనిపితే పుల్లగూర అవుతుంది. దానికి కొలతలు అక్కర్లేదు. గుడ్లు ఉడకబెట్టడం ఎవరికైనా వస్తుంది. శెనక్కాయల ఊరుబిండి ఆదివారం నూరుకుంటే ఒకటి రెండు రోజులు వస్తుంది, ఫ్రిజ్‌లో పెడితే ఇంకొంచెం. ఆకుకూర రోజూ ఏదో ఒక పూట ఉండాలి. పండ్లంటే ఆపిల్ కాదు. జామకాయ, అరటిపండు, కాలంలో మన మామిడి, బొప్పాయి చాలు. షుగర్ ఉన్నవాళ్ళు మామిడి మాత్రం ముక్కల లెక్కనే తినాలి.

ఉప్పు సంగతి మన వాళ్ళకు చెప్పడం కష్టం. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే సుమారు ఒక టీ స్పూను మాత్రమే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కూరలో ఉప్పు, ఊరగాయలో ఉప్పు, వడియాల్లో ఉప్పు కలిపితే అది మధ్యాహ్నానికే అయిపోతుంది. కూర లేని పూట ఊరగాయతో లాగించేయడం ఒంటరి మగవాళ్ళ ఇళ్ళలో ఎక్కువ. బీపీ ఉంటే మొదట తగ్గించాల్సింది ఆ జాడీనే.

నడక గురించి ఒక్క మాట. వారానికి 150 నిమిషాలు చెమట పట్టేలా నడవాలి. దీనికి వేరే సమయం వెతుక్కోవద్దు. బాబు మైదానంలో క్రికెట్ ఆడుతున్నంతసేపూ చుట్టూ నడవండి. పక్కన బండి మీద కూర్చుని ఫోన్ చూసే తండ్రులు చాలామంది కనిపిస్తారు. ఆ గంటే మనకు దొరికే గంట.

రాత్రి పది తర్వాత

పిల్లలు పడుకున్నాక ఇల్లు నిశ్శబ్దమైపోతుంది. పగలంతా పక్కకు నెట్టిన ఆలోచనలు, ఫీజులు, అప్పులు, ఆమె జ్ఞాపకాలు, అన్నీ ఆ సమయంలోనే వస్తాయి. కొందరు క్వార్టర్ బాటిల్ తెచ్చుకునేది అప్పుడే. "పిల్లల ముందు తాగను, వాళ్ళు పడుకున్నాకే" అని చెబుతారు. వాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ మందు తాగితే నిద్ర త్వరగా పట్టినట్టుంటుంది, అర్ధరాత్రి దాటాక చెదిరిపోతుంది. మర్నాడు అలసట, చిరాకు, ఆ రాత్రికి మళ్ళీ కావాలనిపించడం. అదీగాక అర్ధరాత్రి బాబుకు జ్వరం పెరిగితే బండి తీయగలిగే పెద్దమనిషి ఆ ఇంట్లో ఇంకొకరు లేరు.

ఇప్పటికే రోజూ ఎక్కువగా తాగే అలవాటు ఉంటే మాత్రం ఒక్కసారిగా సొంతంగా మానేయకండి. చేతులు వణకడం, చెమటలు, అయోమయం, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. కడప ప్రభుత్వ ఆసుపత్రి రిమ్స్‌లో మానసిక వైద్య విభాగానికి పోయి చెబితే మందులతో మాన్పిస్తారు. ఆ గదికి పోవడం నామోషీ అనుకోవాల్సిన పని లేదు. బీపీకి ఓపీ చీటీ తీసుకున్నట్టే ఇదీ తీసుకోవడమే.

నిద్ర ఏడు గంటలు కావాలి. పొద్దున ఐదింటికి లేవాలంటే రాత్రి పదికి పడుకోవాలి. గిన్నెలు మిగిలిపోతే మిగిలిపోనీయండి. బడి సంచులు, యూనిఫాంలు రాత్రి భోజనానికి ముందే పిల్లల చేత సర్దిస్తే పొద్దున పరుగు సగం తగ్గుతుంది. మంచం దగ్గర ఫోన్ ఛార్జర్ పెట్టుకోకండి, వంటింట్లో పెట్టండి.

మనసు కుంగితే మగవాళ్ళలో చాలాసార్లు ఏడుపుగా బయటికి రాదు, కోపంగా వస్తుంది. పాలు ఒలికినందుకు పిల్లవాడి మీద చేయి ఎత్తడం, బండి మీద ప్రతివాడితో గొడవ, ఏ పనీ నచ్చకపోవడం, తిండి రుచించకపోవడం, చుట్టాల ఫోన్ ఎత్తకపోవడం. ఇవి రెండు వారాలకు మించి ఉంటే అది స్వభావం కాదు, డిప్రెషన్ కావొచ్చు. దానికి వైద్యం ఉంది. 14416 టెలీ మానస్ నంబరు, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. "నేను లేకపోతేనే నయం" అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా వెంటనే ఆ నంబరుకు చేయండి, లేదా పక్కింటివాళ్ళ తలుపు కొట్టండి. మీరు లేకపోతే ఆ పిల్లలకు ఏదీ నయం కాదు.

మాట్లాడే మనిషి పాప కాకూడదు

ఇల్లాలు లేని ఇంట్లో పెద్దకూతురు తొందరగా పెద్దదైపోతుంది. వంట చేస్తుంది, తమ్ముడిని చూసుకుంటుంది, నాయన మొహం చూసి ఏం జరిగిందో కనిపెడుతుంది. చుట్టాలు "బంగారు తల్లి, అమ్మలాగే చూసుకుంటోంది" అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు నాకు నచ్చదు. ఆమె చిన్నపిల్ల. పనులు పంచవచ్చు, అప్పుల సంగతి, మన బాధ ఆమె మీద పెట్టకూడదు. నన్ను గమనించే పని కూడా ఆమెది కాదు. మనకు మన వయసు మనిషి ఒకరు కావాలి. అక్క, బామ్మర్ది, చిన్ననాటి స్నేహితుడు, ఎవరైనా సరే. వారంలో ఒక రోజు, ఒక సమయం పెట్టుకుని మాట్లాడండి. "ఎప్పుడైనా ఫోన్ చెయ్యన్నా" అనేవాళ్ళు చాలామంది ఉంటారు, ఆ ఎప్పుడైనా రాదు.

"మగవాడివి, ఎట్లా సాకుతావు, మళ్ళీ పెళ్ళి చేసుకో" అనే ఒత్తిడి మన దగ్గర ఎక్కువ. చేసుకోవాలా వద్దా అనేది మీ ఇష్టం. కానీ అలసిపోయి ఉన్నప్పుడు, వంట చేసేవాళ్ళు కావాలని ఆ నిర్ణయం తీసుకోకండి. ముందు నిద్ర, తిండి కుదుటపడనీయండి.

పాప పెద్దమనిషి అవుతుందేమోనన్న టెన్షన్‌తో రాత్రుళ్ళు నిద్రపోని తండ్రులు నాతో మాట్లాడారు. ఈ టెన్షన్‌కు మందు ముందే తెలుసుకోవడం. తొమ్మిది, పదేళ్ళకే మేనత్తనో, పిన్నమ్మనో కూర్చోబెట్టి చెప్పించండి. ప్యాడ్లు ముందే కొని ఆమె అల్మరాలో పెట్టండి, బడి సంచిలో ఒకటి. నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చుకోవాలి. పదిహేనేళ్ళు నిండినా మొదలు కాకపోతే, లేదా గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే డాక్టరుకు చూపించాలి. "నాయనా, ప్యాడ్లు అయిపోయాయి" అని ఆమె మామూలుగా చెప్పగలిగితే మీ భయం సగం పోతుంది.

అల్మరా తలుపు మీద అతికించాల్సిన కాగితం

ఇంట్లో పెద్దమనిషి ఒక్కరే అయినప్పుడు డెంగీతో మంచం పట్టినా ఇల్లు ఆగిపోతుంది. అందుకే బాగా ఉన్న రోజునే ఈ పనులు చేసుకోండి.

బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్స్, పీఎఫ్‌లలో నామినీ ఎవరో చూడండి. చాలామందికి పోయిన భార్య పేరే ఉండిపోయి ఉంటుంది. పిల్లల పేర్లు పెట్టి, వాళ్ళు మైనర్లు కాబట్టి వాళ్ళ తరఫున డబ్బు తీసుకునే పెద్దవాళ్ళ పేరు కూడా రాయించండి. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, 18 నుంచి 50 ఏళ్ళ మధ్య చేరవచ్చు. ప్రమాద బీమా అయిన సురక్ష బీమా 20 రూపాయలు. రెండూ బ్యాంకులోనే కట్టవచ్చు, ఒక్కోదానికి 2 లక్షలు. మనం లేకపోతే పిల్లలను ఎవరు చూడాలన్నది కూడా రాసి పెట్టాలి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం తండ్రి తన వీలునామాలో సంరక్షకుడిని పేర్కొనవచ్చు. ఆ మనిషిని ముందు అడిగి ఒప్పించండి. మిగతా మతాల వాళ్ళు తమకు వర్తించే చట్టం లాయరును అడగండి.

ఇక ఆ కాగితం. పెద్ద అక్షరాలతో మన ఇంటి చిరునామా, దగ్గర్లో ఉన్న గుర్తు, 108, పక్కింటివాళ్ళ నంబరు, అక్క నంబరు. మన బ్లడ్ గ్రూపు, వాడుతున్న మాత్రల పేర్లు, పడని మందు ఏదైనా ఉంటే అది. ఆరోగ్య కార్డు ఎక్కడ ఉందో. రాత్రికి పిల్లలు ఎవరింటికి పోవాలో. నాయన పలకకపోతే ముందు 108కి చేసి చిరునామా చదవాలి, తర్వాత పక్కింటి తలుపు కొట్టాలి, తర్వాత మేనత్తకు ఫోన్ చేయాలి, ఇదే వరసలో. పిల్లలిద్దరి చేతా ఒకసారి గట్టిగా చదివించండి. ఫోన్ లాక్ తీయకుండానే ఎమర్జెన్సీ కాల్ ఎలా చేయాలో చూపించండి. నంబరు మారినా, మాత్ర మారినా ఆ రోజే కొట్టేసి కొత్తది రాయండి.